పిన్ను పట్టింది, ఛార్జింగ్ ఎక్కలేదు

కాలవ గట్టున ఉన్న ఒక మిషన్ ఆస్పత్రిలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాను. డాక్టర్ని కాను, నర్సుని కాను, పరికరాల టెక్నీషియన్ని. పెళ్లిచూపుల్లో మా అత్తగారు "అంటే ఏం చేస్తావమ్మా?" అని అడిగితే "మెషిన్లు బాగుచేస్తానండి" అన్నాను. అది అబద్ధం కాదు గాని, పూర్తి నిజమూ కాదు. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఏ మెషిన్‌కి ఏ ఛార్జరో వెతకడంలోనే గడిచింది.

ఈ మధ్య పాలిటెక్నిక్ పూర్తిచేసి ఆస్పత్రుల్లో చేరుతున్న పిల్లలు కొందరు ఇంటికి వచ్చి, ఈ పనిలో ఏం నేర్చుకోవాలో చెప్పమంటున్నారు. మాటల్లో చెబితే పక్కదారులు పడుతున్నాను. అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. నాకు వచ్చింది ఒక్కటే, దాంతోపాటు ఇంకో అల్మారా తాళం ఇచ్చారు.

అట్టపెట్టె

నేను చేరిన కొత్తలో మెషిన్లన్నీ గోడకి అతుక్కుని ఉండేవి. వాటి వైరు వాటికే ఉండేది, ఎవరూ విప్పేవారు కాదు. కొన్నాళ్లకి చేత్తో పట్టుకెళ్లే మెషిన్లు రావడం మొదలైంది. బ్యాటరీతో నడిచే మానిటర్లు, మందు ఎక్కించే పంపులు, గొంతులో అడ్డుపడ్డ కఫాన్ని లాగే సక్షన్ మెషిన్లు. అందరం సంతోషించాం. రోగి ఎక్కడుంటే మెషిన్ అక్కడికి వెళుతుంది. ఛార్జర్ మాత్రం వెనకే ఉండిపోతుందని అప్పట్లో ఎవరూ ఆలోచించలేదు.

ఒక్కో మెషిన్ ఒక్కో కంపెనీది, ఒక్కో పిన్ను ఒక్కో లావు. కొన్ని తొమ్మిది వోల్టులవి, కొన్ని పన్నెండువి, కొన్ని పదిహేనువి. నా గదిలో సెలైన్ సీసాలు వచ్చిన పెద్ద అట్టపెట్టె ఒకటి ఉండేది. దాన్నిండా ఛార్జర్లే. మెషిన్ల కంటే ఛార్జర్లే ఎక్కువ, అయినా కావలసింది ఎప్పుడూ దొరికేది కాదు. మగవార్డు హెడ్ నర్సు విజయ సిస్టర్ రోజుకి రెండుసార్లయినా వచ్చి ఆ పెట్టె ముందు గొంతుక్కూచునేవారు.

"ఏంటండి కరుణగారూ, ఇందులో పాముల్లా చుట్టుకుపోయాయి. ఏది లాగినా మూడొస్తున్నాయి."

"మీకు కావాల్సింది ఏదండి?"

"అదే తెలిస్తే నేనే లాగేదాన్ని కదండీ."

అప్పట్లో మాకు సూపరింటెండెంటుగా ఉన్న పెద్దడాక్టరుగారు కోపిష్టి మనిషి. ఒకరోజు రౌండ్స్‌లో మానిటర్ ఆరిపోయి ఉండటం చూసి నన్ను పిలిపించారు. ఛార్జర్ దొరకలేదని చెప్పాను.

"పెట్టెనిండా ఛార్జర్లు పెట్టుకుని దొరకలేదంటావేంటమ్మా? వాటన్నిటికీ ఒకటే పిన్ను పెట్టేస్తే పోదా?"

గదికొచ్చి ఆలోచిస్తే నాకూ ఎందుకు పోదు అనిపించింది.

నా గొప్ప పని

ఒక నెల రోజులు అదే పనిగా కూర్చున్నాను. ప్రతి ఛార్జర్‌కీ వైరు చివర కత్తిరించి, ఒకే రకం గుండ్రటి పిన్ను సోల్డర్ చేశాను. మెషిన్లు విప్పి, పాత సాకెట్ తీసేసి, ఆ పిన్ను పట్టే సాకెట్ బిగించాను. వోల్టులు వేరువేరని నాకు తెలుసు. అందుకే ప్రతి ఛార్జర్ మీదా దాని వోల్టులూ, అది ఏ మెషిన్‌దో ఇంగ్లీషులో నీటుగా రాసి కాగితం అతికించాను. నా చేతిరాత బాగుంటుంది.

సోమవారం ఉదయం స్టాఫ్ ప్రార్థన అయ్యాక పెద్దడాక్టరుగారు నన్ను లేచి నిలబడమన్నారు. "ఈ అమ్మాయి మన ఆస్పత్రి మొత్తాన్ని ఒక్క పిన్ను మీదకి తెచ్చింది" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆయన ఎవరినైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి చూశాను. విజయ సిస్టర్ మైసూర్‌పాక్ తెచ్చిపెట్టారు.

నేను చేసిందేమిటో ఇప్పుడు చెబుతాను, గుర్తుపెట్టుకోండి. ఏ ఛార్జర్ అయినా ఏ మెషిన్‌కైనా పట్టేలా చేశాను, సరిపోయేలా మాత్రం చేయలేదు. పట్టడానికీ సరిపోవడానికీ మధ్య ఉన్నది నేను అతికించిన కాగితం ఒక్కటే. వార్డులో మెషిన్లని రోజూ స్పిరిట్‌తో తుడుస్తారు. మూడు వారాల్లో ఆ అక్షరాలు చెరిగిపోయాయి. తుడిచేది నూకరత్నం అనే ఆయా. అక్షరాలు ఉన్నప్పుడు కూడా ఆమెకి చదవడం రాదు.

సూర్యారావుగారి ప్రయాణం

సూర్యారావుగారు వరి రైతు. పక్షవాతం వచ్చి మా దగ్గర వారం రోజులున్నారు. మింగలేరు, దగ్గలేరు. గంటకోసారి సక్షన్ పెట్టి కఫం లాగాల్సి వచ్చేది. స్కానింగ్ కోసం కాకినాడ పంపాలని నిర్ణయించి, ఒకరోజు మధ్యాహ్నం అంబులెన్సు ఎక్కించారు. విజయ సిస్టర్ తోడు వెళ్లారు. బయల్దేరే ముందు ఆవిడ చేయాల్సిందంతా చేశారు. సక్షన్ మెషిన్ పొద్దుటి నుంచి ఛార్జింగ్‌లోనే ఉంది, పచ్చ దీపం వెలుగుతోంది. ఆన్ చేసి చూస్తే బాగానే లాగింది.

పావుగంట దాటాక, రెండు వైపులా వరిచేలు తప్ప ఏమీ లేని చోట మోటారు శబ్దం నెమ్మదించింది. తరవాత ఆగిపోయింది. సూర్యారావుగారి గొంతులో గురక మొదలైంది. విజయ సిస్టర్ సంచిలోంచి పెద్ద సిరంజి తీసి, ట్యూబు చివర గుచ్చి, చేత్తో లాగడం మొదలుపెట్టారు. లాగడం, కిటికీలోంచి బయటికి చిమ్మడం, మళ్లీ లాగడం. మిగతా దారంతా అదే పని. దిగేసరికి ఆవిడ బొటనవేలు బొబ్బలెక్కి చితికిపోయింది. సూర్యారావుగారి పెదాలు ఒక దశలో నీలంగా మారాయట. అయినా బతికారు. మరి కొన్నాళ్లకి కర్రపట్టుకుని నడిచి వచ్చి, ఆవిడకి మామిడిపళ్లు ఇచ్చి వెళ్లారు.

ఆ సాయంత్రం ఆవిడ మెషిన్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఛార్జర్ కూడా తెచ్చారు. వేలికి కట్టుంది.

"పిన్ను పట్టిందండి," అన్నారు. "ఛార్జింగ్ ఎక్కలేదు."

ఆవిడ వెళ్లాక మీటరు పెట్టి చూశాను. మెషిన్‌కి కావాల్సింది పదిహేను వోల్టులు. ఆవిడ తెచ్చింది మానిటర్ ఛార్జర్, తొమ్మిది వోల్టులు. తొమ్మిదితో పచ్చ దీపం వెలుగుతుంది. బ్యాటరీలోకి మాత్రం ఏమీ వెళ్లదు. ఇదే తిరగబడి, పదిహేను వోల్టులది మానిటర్‌కి పెట్టి ఉంటే పొగ వచ్చేది. పొగే వచ్చి ఉంటే బాగుండేది. పొగ అందరికీ అర్థమవుతుంది.

నాలుగు రోజులు

మర్నాడు పెద్దడాక్టరుగారి గదిలో విచారణ జరిగింది. ఆయన, విజయ సిస్టర్, నేను. ఆ రోజు ఛార్జింగ్ ఎవరు పెట్టారని అడిగారు. నూకరత్నం అని తేలింది. ఆమెని పిలిచారు.

"ఏ ఛార్జర్ పెట్టావు?"

"పట్టిందే ఎట్టానండి."

"చూసుకోవద్దా?"

"దీపం ఎలిగిందండి. దీపం ఎలిగితే ఎక్కినట్టేనని సెప్పారండి."

ఆ మాట చెప్పింది నేనే. నేనేమీ మాట్లాడలేదు. ఆయన నూకరత్నాన్ని వార్డు నుంచి తీసేసి బట్టలుతికే షెడ్డుకి పంపమన్నారు. ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే నోరు తెరిచేదాన్నేమోనని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ఎందుకు మాట్లాడలేదంటే, చప్పట్లు. అంతకంటే పెద్ద కారణం లేదు. స్టాఫంతా చప్పట్లు కొట్టి నెల కూడా కాలేదు. అది పోతుందని భయం. మీ పనిలో కూడా తప్పులు జరుగుతాయి. తప్పు జరిగినప్పుడు మనసు ముందుగా మనకంటే కింద ఉన్నవాళ్ల పేర్లు వెతుకుతుంది. దాని స్వభావమే అంత. అది వెతకడం మొదలుపెట్టిందని గమనిస్తే చాలు, సగం దారి వచ్చినట్టే. నాకు గమనించడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆ నాలుగు రోజులూ అన్నానికి ఇంటికి వెళ్లడానికి షెడ్డు వైపు దారి మానేసి చుట్టూ తిరిగి వెళ్లాను. అయిదో రోజు వాన పడుతోంది, చుట్టూ తిరిగే దారి బురదైపోయింది. షెడ్డు ముందు నుంచే వెళ్లాల్సొచ్చింది. నూకరత్నం బ్లీచింగ్ నీళ్ల తొట్టిలోంచి దుప్పట్లు తీస్తోంది. నన్ను చూసి ఎప్పటిలాగే "ఆయ్, అన్నానికాండి?" అని పలకరించింది. వేళ్ల సందుల్లో తోలు లేచిపోయి ఎర్రగా ఉంది.

ఇంటికి వెళ్లలేదు. వెనక్కి తిరిగి పెద్దడాక్టరుగారి గదికి వెళ్లాను. మొత్తం చెప్పాను. పిన్నులు, వోల్టులు, కాగితాలు, దీపం.

ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు. "ఇది నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నారు.

"ఆ సాయంత్రమేనండి."

"మరి ఇన్నాళ్లూ ఏం చేశావు?"

"భయపడ్డానండి."

లేచి వాన లోపలికి కొట్టకుండా కిటికీ మూశారు. తరవాత "ఒక్కటే పిన్ను పెట్టమన్నది నేను. అది నేను చెబుతాను. మిగిలింది నువ్వు చెప్పు" అన్నారు.

సోమవారం ప్రార్థన అయ్యాక ఇద్దరం లేచి చెప్పాం. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ తిట్టలేదు కూడా. నూకరత్నం ఆ రోజే వార్డుకి వచ్చేసింది. క్షమించమని అడగడానికి వెళితే నన్ను పూర్తిగా మాట్లాడనివ్వలేదు.

"మీకు సదువొచ్చు, నాకు రాదు. సదవకుండా తెలిసేటట్టు సెయ్యండి. ఈ ఏడుపులు నాకెందుకండి?"

నా ఉద్యోగంలో నాకు అందిన అత్యుత్తమ సాంకేతిక సలహా అదే.

బలంగా నొక్కితే

నేను చేసిందంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి లెక్క వేరు. ఒకే వోల్టు ఉన్నవాటికి ఒకే పిన్ను. వోల్టు మారితే పిన్ను ఆకారమే మారాలి, ఒకదాంట్లో ఇంకొకటి దూరకూడదు. పన్నెండు వోల్టుల మెషిన్లు రెండో మూడో ఉంటే వాటిని పక్కన పెట్టేసి, మొత్తం రెండు రకాలకి కుదించాను. ఒకటి గుండ్రటిది, ఇంకొకటి బల్లపరుపుది. కాగితాలు లేవు.

పరీక్షకి నూకరత్నాన్ని పిలిచాను. కళ్లకి తువ్వాలు కట్టి, తప్పు ఛార్జర్ చేతికిచ్చాను.

ఆమె తడిమి, తిప్పి, ఒక్క నొక్కు నొక్కింది. "పట్టిందండి."

"పట్టకూడదు, నూకరత్నం."

"బలంగా నొక్కితే పట్టిందండి. వార్డులో బలంగానే నొక్కుతాం."

ఆ సాకెట్లు తీసేసి ఇంకో రకం తెప్పించాను. అవీ ఆమె చేతిలో ఓడిపోయాయి. మూడో రకం నిలబడింది. ఆమె రెండు చేతులతో నొక్కి, చివరికి చేతులెత్తేసి, "ఇది పట్టదండి, దీని మొహం" అంది. ఆ తిట్టు విన్నాక ఆర్డరు పెట్టాను.

కొత్త పద్ధతి పెట్టేటప్పుడు దాన్ని తెలివైనవాళ్లకి చూపించకండి. వాళ్లు అర్థం చేసుకుని సరిగ్గా వాడేస్తారు, మీకేమీ తెలియదు. పని తొందరలో ఉన్న మనిషికి, చేతులు తడిగా ఉన్న మనిషికి ఇవ్వండి.

పెద్దడాక్టరుగారు వెళ్లిపోయాక వచ్చిన అడ్మినిస్ట్రేటర్‌గారు చాలా మంచివారు. ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. కంపెనీవాళ్లని కూడా అనేవారు కాదు, అందుకని మళ్లీ రకరకాల పిన్నులు రావడం మొదలైంది. అడిగితే, "మనం మెషిన్ కొంటున్నామా, వైరు కొంటున్నామా కరుణగారూ?" అని నవ్వేవారు. కోపిష్టి అధికారి వల్ల నాకు నిద్ర పట్టలేదు. మంచి అధికారి వల్ల ఆస్పత్రికి నిద్ర పట్టలేదు. ఇద్దరిలో ఎవరి దగ్గర పనిచేస్తావంటే మొదటాయన దగ్గరే చేస్తాను.

ఒకసారి పసిపిల్లల మానిటర్లు అమ్మడానికి వచ్చిన ఒక కంపెనీ ప్రతినిధిని అడ్మినిస్ట్రేటర్‌గారు నా గదికి తీసుకొచ్చారు. మా పిన్ను పెట్టి ఇవ్వమన్నాను.

"కుదరదు మేడమ్. ఇది మా కంపెనీ స్పెషల్ పిన్. సేఫ్టీ కోసం."

అడ్మినిస్ట్రేటర్‌గారి అనుమతితో నూకరత్నాన్ని లోపలికి పిలిచాను. ఆ స్పెషల్ పిన్నుని తీసుకుని, అదే గదిలో ఉన్న తూకం మెషిన్‌కి అరక్షణంలో పెట్టేసింది.

"అందులో పెట్టకూడదమ్మా!" అని అతను లేచాడు.

"మరి పట్టిందండి" అంది నూకరత్నం.

అడ్మినిస్ట్రేటర్‌గారు అప్పుడు మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి కొనే కాగితాల్లో పిన్ను గురించి ఒక వాక్యం చేరింది. నా ఉద్యోగం మొత్తంలో నేను రాసినవాటిలో ఎవరైనా చదివింది ఆ ఒక్క వాక్యమే అనుకుంటాను.

అందరికీ ఒకటే

నా చివరి సంవత్సరాల్లో ఫోన్లన్నీ టైప్-సీకి వచ్చాయి. తరవాత చిన్న చిన్న వైద్య పరికరాలు కూడా. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసేవి, రక్తం పరీక్ష చేసేవి, కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే డాప్లర్. నా తరవాత ఆ కుర్చీలోకి రాబోయే లావణ్య అప్పుడే చేరింది. చురుకైన పిల్ల. "ఇంక మీ బాధ తీరిపోయింది మేడమ్. అంతా ఒకటే పిన్ను" అంది.

ఒకటే పిన్ను అనే మాట వినగానే నాకు చప్పట్లు వినిపిస్తాయి. "అన్నీ తీసుకురామ్మా, చూద్దాం" అన్నాను.

ఇద్దరం ఒక మధ్యాహ్నం కూర్చుని ప్రతి పరికరాన్నీ ఆస్పత్రిలో దొరికిన ప్రతి వైరుతోనూ, ప్రతి ఛార్జర్‌తోనూ పరీక్షించాం. కొన్ని తమ పెట్టెలో వచ్చిన వైరుతో తప్ప ఛార్జింగ్ ఎక్కవు. రెండు వైపులా టైప్-సీ ఉన్న వైరు పెడితే కొన్నింట్లో ఉలుకూ పలుకూ లేదు. బయట ఆకారం పెట్టి, లోపల పెట్టాల్సిన చిన్న భాగం మానేశారు. ఎంత కరెంటు కావాలో ఛార్జర్‌కి చెప్పేది ఆ భాగమే. కడుపులో బిడ్డ చప్పుడు వినే డాప్లర్లు రెండు రకాలు వచ్చాయి. ఒకటి ఏ వైరు పెట్టినా ఎక్కింది, రెండోది మొండికేసింది. రెండోదాన్ని తిప్పి పంపాం. కంపెనీవాళ్లు ఫోన్ చేసి, "మా వైరు వాడితే బాగానే ఎక్కుతుంది కదా మేడమ్" అన్నారు.

లావణ్య ఫోన్ పట్టుకుని నా వైపు చూసింది. తరవాత తనే చెప్పింది: "మీ వైరు పోతేనో అండి?"

ఇక ఈ పిల్లకి నేను నేర్పేదేమీ లేదని ఆ రోజే తెలిసింది. అయినా పదవీ విరమణ తేదీ దాకా జీతం తీసుకున్నాను.

లంకలో

ఆ వానాకాలమే గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం పెరుగుతోందని పొద్దుట వార్తల్లో చెప్పారు, మధ్యాహ్నానికి నది మధ్య లంకల్లోకి నీళ్లు వచ్చేశాయి. మా ఆస్పత్రి నుంచి ఒక బృందం పడవలో వెళ్లింది. విజయ సిస్టర్‌కి అప్పటికి జుట్టంతా నెరిసిపోయింది, అయినా ఆవిడే ముందు ఎక్కారు. నేనూ, లావణ్యా మెషిన్లు పట్టుకుని వెనక ఎక్కాం.

మూడో ఊరు చేరేసరికి ఊరంతా స్కూలు మేడ మీద ఉంది. కరెంటు లేదు. ఒక ట్రాక్టరు బ్యాటరీ పైకి మోసుకొచ్చి, దానికి ఒక చిన్న ఛార్జర్ తగిలించి, ఊళ్లోవాళ్లు వంతులేసుకుని ఫోన్లు పెట్టుకుంటున్నారు. ఇరవై మంది చుట్టూ కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు.

నెలలు నిండిన ఒకమ్మాయిని తీసుకొచ్చి బెంచీ మీద పడుకోబెట్టారు. పొద్దుటి నుంచి కడుపులో కదలిక తెలియట్లేదని వాళ్లమ్మ చెప్పింది. విజయ సిస్టర్ డాప్లర్ తీసి ఆన్ చేశారు. ముందటి రెండు ఊళ్లలో వాడేసరికి అయిపోయింది, తెర వెలగలేదు. లావణ్య సంచిలో చెయ్యిపెట్టి వైరు తీసింది. సంచి పడవలో తడిసింది, వైరు లోంచి నీళ్లు కారాయి.

నేను బ్యాటరీ దగ్గరికి వెళ్లాను. వంతు నడుస్తున్నతను నలభై ఏళ్ల మనిషి, లుంగీ పైకి కట్టుకుని ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాడు. వైరు ఒకసారి ఇవ్వమన్నాను.

"ఇప్పుడే పెట్టానండి. అయిదు శాతం కూడా లేదండి."

"అక్కడ బిడ్డ చప్పుడు వినాలండి."

అతను బెంచీ వైపు చూసి, ఇంకేం అడగకుండా ఫోన్ పీకేసి వైరు చేతికిచ్చాడు. రెండు వైపులా టైప్-సీ ఉన్న వైరు. డాప్లర్‌కి పెట్టాం. ఎక్కింది. పది నిమిషాలు అందరం నిలబడి దాన్నే చూశాం. తరవాత విజయ సిస్టర్ జెల్లీ రాసి, పొట్ట మీద ఆనించి, అటూ ఇటూ జరిపారు. మొదట గరగర. ఎడమ వైపు జరిపారు, అక్కడా గరగరే. కిందికి తెచ్చారు. టకటక టకటక మని వినిపించింది. వేగంగా, బలంగా. ఆ అమ్మాయి తల్లి నేల మీద కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది. విజయ సిస్టర్ నిమిషం పాటు లెక్కపెట్టి, "బాగుంది. అయినా నొప్పులొచ్చేదాకా ఇక్కడ ఉంచొద్దు, పడవలో మాతోనే తీసుకెళదాం" అన్నారు.

లావణ్య ఏడుస్తోంది. నేను వైరు పీకి చేతికి చుట్టుకున్నాను. అప్పుడు వెనక నుంచి ఎవరో నా భుజం మీద మెల్లగా తట్టారు. లుంగీ అతను.

"అయిపోయిందాండి?" అన్నాడు. "మా వైరు ఇచ్చేస్తే, నా వంతు ఇంకా ఉందండి."

ఇచ్చేశాను.